గ్రూప్ స్టడీలో చదువెంత, కబుర్లెంత?

పోయిన సంచికలో సీఏ ఇంటర్ (చార్టర్డ్ అకౌంటెన్సీలో రెండో మెట్టు) ప్రిపరేషన్ గురించి రెండు ముక్కలు రాశానో లేదో, గ్రూప్ స్టడీ మీద ఉత్తరాలు, మెయిళ్లు వరసపెట్టి వచ్చాయి. సీఏ వాళ్లే కాదు, బ్యాంకు ఉద్యోగులు, సాఫ్ట్‌వేర్ వాళ్లు కూడా రాశారు. అందుకని ఈసారి పేజీ మొత్తం దీనికే. పేర్లు వేయొద్దని దాదాపు అందరూ అడిగారు కాబట్టి ఊరి పేరు మాత్రం ఉంచాను. ఉత్తరాలు కాస్త కుదించాను, ఏమీ అనుకోకండి.

*అక్కా, నేను గుంటూరులో హాస్టల్లో ఉండి సీఏ ఇంటర్ గ్రూప్ 1కి (పరీక్షలో మొదటి మూడు పేపర్లకి) చదువుతున్నాను. తొమ్మిది మందిమి రోజూ సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాకా కలిసి కూర్చుంటాం. ఒకరు స్టడీ మెటీరియల్ పైకి చదువుతారు, మిగతావాళ్లం గీతలు గీసుకుంటూ వింటాం. ఎనిమిది దాటాక ఇక కబుర్లే. పోయిన అటెంప్ట్‌లో మాలో ఒక్క అమ్మాయే పాసైంది, ఆమె గ్రూప్‌కి సరిగా వచ్చేదే కాదు! నేనూ మానేద్దామంటే అందరూ ఏమనుకుంటారోనని టెన్షన్. ఏం చేయమంటారు? – ఓ విద్యార్థిని, గుంటూరు*

మానేయమని చెప్పను చెల్లీ, కానీ ఇప్పుడు చేస్తున్న పని మాత్రం రేపటి నుంచే ఆపేయండి. ఒకరు చదవడం, ఎనిమిది మంది వినడం... కబుర్ల కన్నా మీకు ఎక్కువ నష్టం చేస్తున్నది అదే. కబుర్లు చెప్పుకున్న గంట వృథా అయిందని మీకే తెలుస్తుంది. పక్కవాళ్లు చదువుతుంటే విన్న రెండు గంటలు మాత్రం బాగా చదివినట్టే అనిపిస్తాయి, ఎందుకంటే రెండోసారి, మూడోసారి చెవిన పడేసరికి ఆ సెక్షన్ మనకు వచ్చేసినట్టే ఉంటుంది, తీరా పరీక్ష హాల్లో తెల్ల కాగితం ముందు కూర్చుంటే మొదటి వాక్యం కూడా రాదు. 2006లో అమెరికాలో రోడిగర్, కార్పికే అనే ఇద్దరు సైకాలజిస్టులు దీన్నే పరీక్షించి చూశారు. పాఠాన్ని మళ్లీ చదివినవాళ్లు ఐదు నిమిషాల తర్వాత పెట్టిన టెస్టులో ముందున్నారు. వారం ఆగి పెడితే తారుమారైంది, ఒకసారి చదివి, కాగితం పక్కన పెట్టి, గుర్తున్నది రాసినవాళ్లకే ఎక్కువ గుర్తుంది. మీ పరీక్ష ఐదు నిమిషాల తర్వాత ఉండదు కదా.

కాబట్టి చదువుకోవడం ఎవరి మంచం మీద వాళ్లు. కలిసి కూర్చునేది రాయడానికి, రాసింది ఒకరిది ఒకరు దిద్దుకోవడానికి.

ఎలా అంటే, కంపెనీ చట్టాల పేపర్‌లో ఆడిటర్ అనర్హతల మీద ఇలాంటి ప్రశ్న ఒకటి వేసుకోండి. ఒక కంపెనీ ఆడిటర్‌గా పెట్టుకోవాలనుకుంటున్న సీఏ గారి భార్యకు అదే కంపెనీలో షేర్లున్నాయి, ముఖ విలువ (షేరు మీద రాసి ఉండే విలువ) 90 వేలు, మార్కెట్ విలువ 4 లక్షలు. ఆయన్ని నియమించవచ్చా? పుస్తకం మూసేసి 9 నిమిషాల్లో జవాబు రాయాలి. 100 మార్కుల పేపర్‌కి 3 గంటలంటే మార్కుకి 1.8 నిమిషాలు, 5 మార్కుల ప్రశ్నకి అంతకన్నా ఎక్కువ ఇవ్వలేరు. రాశాక కాగితాలు మార్చుకోండి. ఒకరు 4 లక్షలు చూసి అనర్హుడని తేల్చేసి ఉంటారు. ఇంకొకరు బంధువులకు లక్ష రూపాయల దాకా పరవాలేదని సరిగ్గానే రాస్తారు గానీ ఆ లక్ష ముఖ విలువకి సంబంధించిందని రాయరు. మరొకరు ఆ వెసులుబాటు బంధువులకే, ఆడిటర్ చేతిలో ఒక్క షేరు ఉన్నా కుదరదన్న మాట వదిలేస్తారు. అంతా చక్కగా రాసినావిడ కంపెనీల చట్టం సెక్షన్ 141(3)(డి) అన్న నంబరు వేయదు. నాలుగు కాగితాల్లో నాలుగు రకాల లోపాలు! ఒంటరిగా చదువుకుంటే వీటిలో నీది నీకు కనపడదు, ఎందుకంటే మన కాగితం మనమే చూసుకున్నప్పుడు మనసులో ఉన్న మాట కూడా కాగితం మీద ఉన్నట్టే అనిపిస్తుంది. గ్రూప్ అవసరం అక్కడుంది.

దిద్దేటప్పుడు పక్కన ఐసీఏఐ (సీఏ పరీక్షలు పెట్టే ఇన్‌స్టిట్యూట్) ఇచ్చే నమూనా జవాబు, అదే సజెస్టెడ్ ఆన్సర్ పెట్టుకోండి. ఆర్‌టీపీలు (రివిజన్ టెస్ట్ పేపర్లు), మాక్ టెస్ట్ పేపర్లు, పాత ప్రశ్నల సజెస్టెడ్ ఆన్సర్లు అన్నీ ఇన్‌స్టిట్యూట్ సైట్‌లో ఉచితంగా ఉన్నాయి, వాటికోసం ఎవరికీ డబ్బులు కట్టక్కర్లేదు. చట్టం ఏమంటోంది, ఇచ్చిన కేసుకి అది ఎలా వర్తిస్తుంది, చివరికి తేలిందేమిటి, ఈ మూడూ విడివిడిగా కనపడితేనే మార్కులు వేయండి. మొహమాటానికి ఐదుకి నాలుగున్నర వేసే ఫ్రెండ్ వల్ల ఏం లాభం? వాదన వస్తే స్టడీ మెటీరియల్‌లో పేజీ తీసి చూపించినవాళ్ల మాటే నెగ్గాలి. ‘మా సార్ ఇలాగే చెప్పారు’ అన్నది చెల్లదు. ఈ ఒక్క రూల్ పెట్టుకుని చూడండి, రాద్ధాంతం సగం తగ్గుతుంది. అన్నట్టు 30 మార్కులకి ఎంసీక్యూలు ఉంటాయి కదా, వాటికి గ్రూప్ టైం పెట్టకండి, ఎవరికి వాళ్లు చేసుకుని, ఎంత ఆలోచించినా కారణం అంతుబట్టనివి మాత్రం పట్టుకురండి.

ఇక తొమ్మిది మంది అన్నది మరీ ఎక్కువ. ఫ్రాన్స్‌లో రింగెల్‌మన్ అనే వ్యవసాయ ఇంజినీరు మనుషుల చేత తాడు లాగించి కొలిచాడు, జనం పెరిగేకొద్దీ ఒక్కొక్కరు లాగే బలం తగ్గుతూ వచ్చిందని 1913లో ప్రచురించాడు. మీ గదిలోనూ జరుగుతున్నది అదే, తొమ్మిది మందిలో ఒకరు రాయకుండా కూర్చున్నా ఎవరూ పట్టించుకోరు, నలుగురిలో అయితే వెంటనే దొరికిపోతారు. నలుగురు, ఐదుగురిగా విడిపోండి. విడిపోయేటప్పుడు స్నేహాలు చూడకుండా పేపర్లు చూసుకోండి. ఒక పేపర్‌లో 60 లేదా అంతకన్నా ఎక్కువ వచ్చి ఎగ్జెంప్షన్ (అది మళ్లీ రాయక్కర్లేని మినహాయింపు) తెచ్చుకున్న అమ్మాయి ఆ పేపర్ ఎందుకు చదువుతుంది? చదవని పేపర్‌కి ఆమెని కూర్చోబెడితే కబుర్లు మొదలయ్యేది ఆమె దగ్గరే, అందులో ఆమె తప్పు కూడా లేదు.

ఫ్రెండ్స్‌తో ‘నేను మానేస్తున్నా’ అనకు. ‘మంగళవారం, శుక్రవారం రాత పెట్టుకుందాం, చదివి వచ్చినవాళ్లే కూర్చుందాం’ అను. ఇష్టం లేనివాళ్లు వాళ్లంతట వాళ్లే తగ్గుతారు. మిగతా రోజులు టీ తాగుతూ ఎన్ని కబుర్లయినా చెప్పుకోండి, హాస్టల్లో అదీ లేకపోతే పిచ్చెక్కుతుంది.

*మేడమ్, మా గ్రూప్‌లో కాస్టింగ్ (ఖర్చుల లెక్కల పేపర్) బాగా వచ్చింది నాకే. దాంతో అందరి డౌట్లూ నేనే తీర్చాలి. నా చదువు వెనకబడుతోంది. స్వార్థం అనుకోకపోతే ఒక్కడినే చదువుకోవడం మంచిదా? – ఇంటర్ గ్రూప్ 2 విద్యార్థి, విశాఖపట్నం*

స్వార్థం ఏమీ కాదు తమ్ముడూ. అయితే ఒక లెక్క చూడు. గ్రూప్ 2లో మూడు పేపర్లు, ప్రతి దాంట్లో 40 రావాలి, మొత్తం 300కి కనీసం 150 రావాలి. కాస్టింగ్ నిన్ను 80కి తీసుకెళ్లినా ఆడిటింగ్‌లో 38 వస్తే గ్రూప్ 2 మొత్తం పోయినట్టే. లెక్కలు బాగా వచ్చినవాళ్లు చాలామంది ఆడిటింగ్‌లో, స్ట్రాటజిక్ మేనేజ్‌మెంట్‌లో రాయలేక ఇబ్బంది పడతారు, నువ్వూ ఆ బాపతేనని నా అనుమానం. వాళ్ల కాస్టింగ్ డౌట్లు నువ్వు తీర్చు, నీ ఆడిటింగ్ జవాబులు వాళ్లు దిద్దాలి. ఎస్‌ఏ 505 (బయటివాళ్ల నుంచి ధ్రువీకరణ తీసుకోవడం మీద ఆడిటింగ్ ప్రమాణం) మీద రాయమని అడగమను, కస్టమర్లకి బ్యాలెన్స్ ధ్రువీకరణ లేఖలు పంపొద్దని మేనేజ్‌మెంట్ అంటే ఆడిటర్ ఏం చేయాలి అని. ‘వేరే విధంగా ఆధారాలు సేకరించాలి’ అని ఒక్క ముక్క రాసి వదిలేస్తావో, లేక ఎందుకు వద్దంటున్నారో కనుక్కోవడం, ఆ కారణం సమంజసమా అని చూడటం, మోసం జరిగే రిస్కుని మళ్లీ అంచనా వేసుకోవడం కూడా రాస్తావో తేలిపోతుంది.

ఇంకోటి, ‘ఈ చాప్టర్ అర్థం కాలేదు’ అని వచ్చేవాళ్లకి జవాబు చెప్పకు. ‘ఈ లెక్కలో ఇక్కడిదాకా వచ్చింది, ఈ స్టెప్ దగ్గర ఆగిపోయాను’ అని కాగితం చూపించినవాళ్లకే చెప్పు. కాగితం అడిగితే సగం డౌట్లు నీ దాకా రాకుండానే తీరిపోతాయి.

*నేను హైదరాబాద్‌లో ఆర్టికల్‌షిప్ (సీఏ ఆఫీసులో శిక్షణ) చేస్తూ సీఏ ఫైనల్‌కి చదువుతున్నాను. మాకో వాట్సాప్ గ్రూప్ ఉంది, అరవై మంది. రోజూ నోట్సులు, పీడీఎఫ్‌లు, ఛార్టులు వస్తూనే ఉంటాయి. డౌన్‌లోడ్ చేసినవి తెరిచే టైం లేదు. ఆఫీసు అయ్యేసరికి రాత్రి ఎనిమిది. అసలు మాలాంటి వాళ్లకి గ్రూప్ స్టడీ కుదురుతుందా?*

అరవై మందిది స్టడీ గ్రూప్ అనకండి, అది గోడౌన్. మ్యూట్‌లో పెట్టేయండి.

ఒకే అటెంప్ట్ రాసే ముగ్గురిని వెతుక్కోండి. 2025 నుంచి ఫైనల్ కూడా ఏడాదికి మూడుసార్లు, జనవరి, మే, సెప్టెంబర్‌లలో జరుగుతోంది కాబట్టి ఒకే ఆఫీసులో పక్క పక్కన కూర్చున్నవాళ్లు కూడా వేర్వేరు అటెంప్ట్‌లకి చదువుతుంటారు, వాళ్లతో కలిస్తే ఒకరు మొదటి రీడింగ్‌లో ఉంటే ఇంకొకరు రివిజన్‌లో ఉంటారు, ఎవరికీ ఉపయోగం లేదు. రాత్రి పదింటికి వీడియో కాల్ పెట్టుకుంటే ఒకరు నిద్రపోతారు. పొద్దున్నే ఆరింటికి ముప్పావుగంట పెట్టుకుని చూడండి, ఆ సమయానికి ప్రిన్సిపల్ (మీకు శిక్షణ ఇచ్చే సీఏ గారు) ఫోన్ చేయరు! సెప్టెంబర్ అటెంప్ట్ వాళ్లకి ఇంకో చిక్కు, టాక్స్ ఆడిట్ల హడావిడి కూడా అప్పుడే. సెలవుల గురించి ఆఫీసులో ముందే గట్టిగా మాట్లాడుకోండి.

ఫైనల్‌లో గ్రూప్ బాగా పనికొచ్చేది రెండుచోట్ల. ఒకటి చట్టాల మార్పులు. డైరెక్ట్ టాక్స్, జీఎస్‌టీల్లో మీ అటెంప్ట్‌కి ఏవి వర్తిస్తాయో ఐసీఏఐ ప్రకటిస్తుంది, ఆర్‌టీపీలో కూడా ఇస్తుంది. అదొక్కటే ఆధారం. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టం స్థానంలో 2025 చట్టం 2026 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చే ఈ కాలంలో పాత సెక్షన్ నంబర్లతో ఉన్న నోట్సు ఎవరో పంపారని చదివేస్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. ఒకరు డైరెక్ట్ టాక్స్ మార్పులు, ఒకరు జీఎస్‌టీ మార్పులు చూసి, రెండు పేజీల్లో రాసి మిగతావాళ్లకి నోటితో చెప్పాలి. రెండోది ఆరో పేపర్, ఇంటిగ్రేటెడ్ బిజినెస్ సొల్యూషన్స్. పుస్తకాలు తెచ్చుకోవచ్చు కదా అని దీన్ని తేలిగ్గా తీసుకునేవాళ్లు ఎక్కువ. ఒకే కేస్ స్టడీలో అకౌంటింగ్, టాక్స్, లా, ఆడిట్ అన్నీ కలిసి వస్తాయి, ఏ పుస్తకంలో వెతకాలో తేల్చుకునే లోపే టైం అయిపోతుంది. నలుగురూ ఒకే కేసు విడివిడిగా చేసి, ఎవరు ఏ పాయింట్ పట్టుకున్నారో, ఎవరికి అసలు కనపడలేదో పోల్చుకుంటే ఒక్క ఆదివారంలో చాలా తెలుస్తుంది.

*మేడమ్ నమస్తే. నేను బ్యాంకులో క్లర్కుని, ఇద్దరు పిల్లలు. జేఏఐఐబీ (బ్యాంకు ఉద్యోగులు రాసే పరీక్ష) రాయాలి. పక్క బ్రాంచిలో ఇంకొకావిడ కూడా రాస్తున్నారు. ఇద్దరితో గ్రూప్ అవుతుందా? అకౌంటింగ్ అంటే మాకిద్దరికీ భయం. – ఖమ్మం*

ఎందుకు అవదండీ, పిల్లలున్న ఇంట్లో ఇద్దరే నయం. పిల్లలు పడుకున్నాక ఇరవై నిమిషాల ఫోన్ కాల్ చాలు. మీరు ఆవిడకి పది ప్రశ్నలు, ఆవిడ మీకు పది. జవాబు ‘సి’ అని చెప్పి వదిలేయకుండా మిగతా మూడూ ఎందుకు కావో చెప్పాలి. వంద ప్రశ్నలకి రెండు గంటలు, అంటే ప్రశ్నకి 72 సెకన్లు. నెగటివ్ మార్కులు లేవు కాబట్టి ఒక్కటి కూడా వదలొద్దు.

మీరు రోజూ చేసే పనే సగం సిలబస్. చెక్ బౌన్స్ అయితే బ్యాంకు నుంచి ఆ సమాచారం అందిన 30 రోజుల్లో నోటీసు ఇవ్వాలి, నోటీసు అందాక డబ్బు కట్టడానికి 15 రోజులు, అప్పటికీ కట్టకపోతే ఆ తర్వాత నెలలోపు కేసు వేయాలి, సెక్షన్ 138 వ్యవహారమంతా ఇదే కదా. కౌంటర్లో రిటర్న్ మెమో ఇచ్చిన ప్రతిసారీ ఈ తేదీలు ఒకసారి మనసులో అనుకోండి, సాయంత్రం ఆవిడకి చెప్పండి. అకౌంటింగ్ పేపర్‌కి మాత్రం మాటలు పనిచేయవు. ఈఎంఐ, బాండ్ల రాబడి లాంటి లెక్కలు ఇద్దరూ కాగితం మీద చేసి ఫోటో పంపుకోండి. ఆ పేపర్‌లో 50 రాలేదని కుంగిపోకండి, అన్ని పేపర్లూ ఒకే అటెంప్ట్‌లో రాసి ప్రతి దాంట్లో కనీసం 45, మొత్తం మీద సగటు 50 శాతం వచ్చినా పాసే. మీకు బాగా వచ్చిన పేపర్‌లో ఇంకో ఐదు మార్కులు లాగడం కూడా అకౌంటింగ్‌కి సాయమే అన్నమాట.

*అమీర్‌పేటలో కోచింగ్ తీసుకుంటున్నాను, ఏడబ్ల్యూఎస్ (అమెజాన్ క్లౌడ్) సొల్యూషన్స్ ఆర్కిటెక్ట్ అసోసియేట్ సర్టిఫికెట్ పరీక్ష రాయాలి. మా గ్రూప్‌లో అందరూ డంప్స్ (బయటికి పొక్కిన పరీక్ష ప్రశ్నలు, జవాబులు) బట్టీ కొడదామంటున్నారు. వద్దన్నందుకు నన్ను పెద్ద సత్యహరిశ్చంద్రుడిలా చూస్తున్నారు.*

అలాగే చూడనీ బాబూ. పరీక్షకి కూర్చునే ముందు ప్రశ్నలు బయటపెట్టను అన్న ఒప్పందానికి నువ్వు ‘సరే’ అంటావు, దాన్ని తప్పితే సర్టిఫికెట్ రద్దు చేసే హక్కు ఏడబ్ల్యూఎస్ వాళ్లకుంటుంది. నీతి సంగతి పక్కన పెట్టినా డంప్స్‌లో జవాబులు తప్పుల తడక. ఫైళ్లు దాచుకునే సర్వీసు ఎస్3 సంగతే తీసుకో, ఫైల్ మార్చిన వెంటనే చదివితే పాతది రావచ్చని ఒకప్పుడు అనేవాళ్లు. 2020 డిసెంబర్ నుంచి ఆ సమస్యే లేదు, రాసిన వెంటనే కొత్తదే వస్తుంది. పాత డంప్‌లు పట్టుకున్నవాడు ఇప్పటికీ పాత జవాబే పెట్టి వస్తాడు.

65 ప్రశ్నలు, 130 నిమిషాలు, 1000కి 720 రావాలి. ఎక్కువగా ‘ఫలానా కంపెనీకి ఫలానా అవసరం ఉంది, ఏం వాడాలి’ అన్న ధోరణిలోనే ఉంటాయి. నీతో వచ్చే ఇద్దరు దొరికితే చాలు, ఒకరు బోర్డు మీద డిజైన్ గీయాలి, మిగతా ఇద్దరూ దాన్ని పడగొట్టాలి. ‘ఒక అవైలబిలిటీ జోన్ (సర్వర్లుండే ఒక చోటు) మొత్తం పోతే?’, ‘చదివేవాళ్లు పది రెట్లు పెరిగితే?’ మొదటిదానికి ఆర్‌డీఎస్ మల్టీ ఏజెడ్ (డేటాబేస్‌కి ఇంకో జోన్‌లో సిద్ధంగా ఉండే నకలు), రెండోదానికి రీడ్ రెప్లికా (చదవడానికి మాత్రమే వాడే నకలు). ఈ రెండింటినీ కలిపేసుకునేవాళ్లు ఎందరో! ఇలా వారానికి రెండు డిజైన్లు గీస్తే రేపు హైటెక్ సిటీలో ఇంటర్వ్యూలో కూడా ఇవే ప్రశ్నలు. ప్రాక్టీస్ అయ్యాక నాట్ గేట్‌వే (లోపలి సర్వర్లని ఇంటర్నెట్‌కి కలిపే దారి) తీసేయడం మాత్రం మర్చిపోకండి, వాడినా వాడకపోయినా గంటకింత అని బిల్లు వేస్తుంది.

*అమెరికా సీపీఏ (అక్కడి సీఏ లాంటి పరీక్ష) రాస్తున్నాం. ముగ్గురం హైదరాబాద్, ఒకరు డాలస్. ఎలా కలవాలి?*

2024 నుంచి మూడు కోర్ పేపర్లు అందరికీ ఒకటే, నాలుగోది మాత్రం బీఏఆర్, ఐఎస్‌సీ, టీసీపీ అనే మూడు ఐచ్ఛిక పేపర్లలో ఎవరికి నచ్చింది వాళ్లది. కోర్ పేపర్లు అందరూ ఒకే వరసలో రాసేలా తేదీలు పెట్టుకోండి, నాలుగోదానికి గ్రూప్ వద్దు, మీలో ఇద్దరు ఒకటే ఎంచుకుంటే తప్ప. మీకు పొద్దున ఏడంటే డాలస్‌లో ముందురోజు రాత్రి ఎనిమిదిన్నర, చలికాలంలో ఏడున్నర. అది రెండువైపులా కుదిరే సమయమే.

*అక్కా, మా గ్రూప్‌లో ఇద్దరు అబ్బాయిలున్నారని ఇంట్లో పంపడం లేదు. ఆడపిల్లల్లో సీఏ చదివేవాళ్లు మా వీధిలో ఎవరూ లేరు. – విజయవాడ*

ఇంట్లో వాళ్లతో పోట్లాడటానికి ఇప్పుడు నీకు టైం లేదు చెల్లీ. చోటు మార్చు. ఎవరో ఒకరి ఇల్లు, మేడ మీద గది అంటే ఏ అమ్మకైనా గుబులే. అదే ఐసీఏఐ బ్రాంచిలో అంటే మాట వేరు. విజయవాడలో బ్రాంచి ఉంది, చాలా బ్రాంచిల్లో రీడింగ్ రూమ్ కూడా ఉంటుంది. మొదటి రోజు అమ్మనో నాన్ననో వెంట తీసుకెళ్లు, అక్కడ ఇంకో పదిమంది తలలు వంచుకుని చదువుకోవడం వాళ్లే చూస్తారు. మీ గ్రూప్ రాయడం వరకు లోపలే చేసుకోవచ్చు, దిద్దుకుంటూ వాదించుకోవడం బయట వరండాలో, లేకపోతే పక్కవాళ్లు తిడతారు. అక్కడ నీలాంటి అమ్మాయిలే ఇద్దరు ముగ్గురు దొరికినా ఆశ్చర్యం లేదు. ముందు బ్రాంచికి ఫోన్ చేసి రీడింగ్ రూమ్ ఉందా, ఎన్నింటి దాకా ఉంచుతారు, ఆదివారం తెరుస్తారా అని అడుగు.